అన్నీ తెలిసిన నా చెల్లెలు భర్త దగ్గర జాగ్రత్త ఎందుకు తీసుకోలేకపోతోంది?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీరు రావులపాలెం వైపు ఉంటారు. చెల్లెలిని రాజోలు దాటాక గోదావరి మధ్య ఉన్న ఒక లంక గ్రామంలో ఇచ్చారు. ఆమె డిగ్రీ చదివింది. ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోనే ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది. భర్త రొయ్యల చెరువుల మీద పని చేస్తాడు, వారంలో సగం రాత్రులు గట్టు మీదే ఉంటాడు. తాగుతాడు, కొడతాడు, బయట సంబంధాలు ఉన్నాయని ఊళ్లో అనుకుంటున్నారు. ఆమెకు మాటిమాటికీ తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి. ‘కండోమ్ వాడమని చెప్పు, లేదంటే దగ్గరికి రానివ్వకు’ అని మీరు ఎన్నిసార్లు చెప్పినా తల ఊపి ఊరుకుంటోంది. ‘చదువుకున్న పిల్ల, ఎయిడ్స్ గురించి కూడా అన్నీ తెలుసు, అయినా ఇంత మొండితనం ఎందుకు? నేనేమి చేయాలి?’ అని అడిగారు.

సూటిగా చెబుతాను. దాన్ని మొండితనం అనకండి. అడిగితే ఆ రాత్రి ఏమవుతుందో ఆమెకు తెలుసు. అడగకపోతే కొన్నాళ్లకు ఏ జబ్బు రావచ్చో కూడా తెలుసు. ఈ రాత్రి దెబ్బలను తప్పించుకోవడానికి రేపటి జబ్బుకు తల వంచుతోంది. కాబట్టి ‘కండోమ్ అడుగు’ అనే సలహా ఈ రోజుతో ఆపండి. ముందు ఆమె ఒంటిమీద దెబ్బ పడకుండా చూడాలి. తరువాత అతని అనుమతితో పని లేని పరీక్షలు, వైద్యం. అతనితో మాట్లాడడం అన్నిటికన్నా చివర, అదీ పరిస్థితి అనుకూలిస్తేనే.

నేను డెల్టాలోని ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్ఐవీ, సుఖవ్యాధుల కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. కింద చెప్పే సంగతుల్లో మనుషుల ఆనవాళ్లు మార్చాను.

మన వైపు ఈ సమస్యకు ఒక ముడి ఉంది, కరపత్రాలు రాసేవారికి అది కనబడదు. 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. కండోమ్ మీద ఆధారపడే జంటలు నూటికి ఒక్కటి కూడా లేవు. చాలామందికి పాతికేళ్లు నిండకముందే ఆపరేషన్ అయిపోతుంది. దానితో ‘ఇప్పుడే పిల్లలు వద్దు’ అని చెప్పే వీలు పోయింది. ఆ తరువాత భార్య కండోమ్ మాట ఎత్తితే భర్త చెవికి రెండే అర్థాలు తోస్తాయి. నన్ను తిరుగుబోతు అంటోంది, లేదా ఇదే ఎవరితోనో ఉంటోంది. తాగని మగవాడు కూడా ఆ మాటకు ముఖం మాడ్చుకుంటాడు. తాగినవాడు చేయి ఎత్తుతాడు.

రొయ్యల షెడ్డులో తలలు వలిచే పనికి వెళ్లే ఒకామె నా దగ్గరికి వచ్చేది. మంచునీళ్లలో నాని నాని ఆమె వేలి కొసలు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడి ఉండేవి. ఇన్ఫెక్షన్‌కు మందులిస్తే తగ్గేది, నెలన్నరకు మళ్లీ అదే బాధ. భర్తకు కూడా ఇచ్చిన మాత్రలను అతను మింగడని, తన మాత్రలను బియ్యం డబ్బా అడుగున దాచుకుంటానని చెప్పింది. ‘నిరోధ్ (కండోమ్) వాడమని అతన్ని అడగవచ్చు కదా?’ అని మా గదిలో ఎవరైనా అడిగే ప్రశ్నే నేనూ అడిగాను. ఆమె ఇలా అంది: ‘మేడమ్, అడిగిన రాత్రి నా పన్ను కదిలింది. అడగని రాత్రి పిల్లలు నిద్రపోయారు. మీరైతే ఏమి చేస్తారు?’

మనం జాగ్రత్తల గురించి చెప్పే పాఠాలన్నీ ఇద్దరు సమానులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారన్న ఊహ మీద నిలబడ్డవి. ఆ ఊహ లేని ఇంట్లో పాఠం ఎంత బాగా చెప్పినా ఆడపిల్ల మీద ఇంకో బరువు వేసినట్టే. జబ్బు వస్తే ‘చెప్పినా వినలేదు’ అని ఆమెనే అంటాము. మీ గొంతులో కూడా ఆ విసుగు కొంచెం వినబడింది. ప్రేమ కొద్దీ వచ్చిన విసుగేనని తెలుసు. కానీ ఆమెకు అది ఇంకో తిట్టులా చేరుతుంది.

ఇక మందు సంగతి. ‘తాగితేనే అలా చేస్తాడు, లేకపోతే బంగారం’ అని అత్తగారు అంటారు, కొన్నాళ్లకు భార్య కూడా అంటుంది. నేను ఒప్పుకోను. బెల్టు షాపులో అప్పు అడిగినందుకు నలుగురిలో తిట్లు తిన్నవాడు అక్కడ నోరెత్తడు. చెరువు యజమాని ముందు చేతులు కట్టుకుంటాడు. ఇంటికొచ్చాకే అతనికి ఒళ్లు తెలియదట! అదే సర్వేలో దేశవ్యాప్తంగా తేలిన లెక్క చూడండి. భర్త తరచుగా తాగి మత్తులో ఉంటాడన్న స్త్రీలలో 70 శాతం మంది అతని చేతిలో శారీరక లేదా లైంగిక హింసను చూశారు. భర్త అసలు తాగని ఇళ్లలో అది 23 శాతం. మందు హింసను ఎంత పెంచుతుందో మొదటి అంకె చెబుతుంది. చుక్క ముట్టని భర్తల భార్యల్లో కూడా నలుగురిలో దాదాపు ఒకరికి అది తప్పలేదని రెండోది చెబుతుంది. కాబట్టి మందు మానితే అంతా సర్దుకుంటుందని ఆశపెట్టుకుని అన్ని పనులూ వాయిదా వేయకండి.

అయితే పడకగది విషయంలో మందు చేసే చెరుపు వేరే ఉంది, దాని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. తాగినవాడికి రేపు అనేది కనబడదు, జబ్బు భయం పోతుంది. ఒకవేళ కండోమ్ వాడినా సరిగా తొడగడు, జారిపోతుంది, చిరిగిపోతుంది, మధ్యలో తీసి పారేస్తాడు. ఇంకొకటి, ఏళ్ల తరబడి తాగిన మగవాళ్లలో చాలామందికి అంగస్తంభన దెబ్బతింటుంది. కండోమ్ చేతికి తీసుకుంటే ఉన్న పటుత్వం కూడా పోతుందని వాళ్ల భయం. ఆ సిగ్గు కోపంగా మారుతుంది, కోపం అనుమానంగా మారుతుంది. ‘నాతో సుఖం లేదు కాబట్టి ఇంకొకడిని చూసుకున్నావు’ అనే మాట దగ్గర ఆగుతుంది. కొట్టిన తరువాత బలవంతం చేస్తే ఒళ్లు తడిలేక చిట్లుతుంది, సూక్ష్మక్రిములు లోపలికి వెళ్లే దారి అక్కడ తెరుచుకుంటుంది.

సంక్రాంతికి కోడిపందాల బరుల దగ్గర మూడు రోజులు మందు ఎలా పారుతుందో మీకు చెప్పనక్కరలేదు. పండగ వెళ్లిన తరువాతి వారాల్లో మా గది ముందు బెంచీలు నిండేవి. గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చిన భర్తల భార్యలూ వచ్చేవారు. రెండేళ్లకు ఒకసారి వచ్చే మనిషిని మొదటి రాత్రే పరీక్ష చేయించుకోమని ఎలా అడగాలి? ఇల్లు అతని డబ్బుతో లేచింది, ఊరంతా అతన్ని మెచ్చుకుంటోంది. అడగడానికి నోరు రాక, అడగకుండా నిద్ర పట్టక ఆ నెలంతా గడిపేవారు.

ఆడవాళ్లు తాగడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని దాచిపెట్టి మందులివ్వలేము. కూలి పనుల ఇళ్లలో భర్తే గ్లాసు చేతికిచ్చి ‘తాగు, నొప్పి తెలియదు’ అంటాడు. కొందరు రాత్రిని తట్టుకోవడానికి తామే తాగుతారు. మత్తులో ఉన్నప్పుడు కాదనే శక్తి తగ్గుతుంది, ఏమి జరిగిందో తెల్లారి గుర్తుండదు. మీ చెల్లెలికి ఆ అలవాటు ఉందో లేదో నాకు తెలియదు. ఉంటే మాత్రం తిట్టకండి. డాక్టరుకు చెప్పమనండి, కొన్ని మందులకు మద్యంతో పడదు. మన దగ్గర తెల్లబట్టకు తరచుగా రాసే మెట్రోనిడజోల్ అందులో ఒకటి.

పెళ్లికాని అమ్మాయిలు ఇది చదువుతుంటే వాళ్ల కోసం ఒక మాట. కాకినాడలో హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి స్నేహితుడు ఆమెను ఎప్పుడూ కొట్టలేదు. ‘నన్ను నమ్మవా?’ అని అడిగేవాడు, కూల్‌డ్రింకులో మద్యం కలిపి తాగించేవాడు, ఆమె విడిపోతానంటే ఫోనులో ఫోటోలు ఉన్నాయని గుర్తుచేసేవాడు. ఆ అమ్మాయి దాన్ని హింస అనుకోలేదు. అదీ హింసే. మత్తులో ఉండి తాను దేనికి ఒప్పుకుంటున్నదో తెలియని స్థితిలో ఇచ్చిన సమ్మతిని మన చట్టం సమ్మతిగా లెక్కించదు.

ఇవి నా గదిలో చూసిన సంగతులే అనుకోకండి. 2005-06 నాటి మూడో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సమాచారాన్ని విశ్లేషించిన ఒక అధ్యయనం 2008లో వెలువడింది. భర్త చేతిలో దెబ్బలు, లైంగిక హింస రెండూ ఎదుర్కొన్న వివాహితల్లో హెచ్ఐవీ, ఏ హింసా లేనివారితో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు కనిపించింది. కొట్టే భర్తే బయట తిరిగే భర్త కావడం, ఇంట్లో కాదనే వీలు లేకపోవడం, రెండూ ఒకే ఆడమనిషి మీద పడుతున్నాయి.

పైగా జబ్బు ముందు బయటపడేది ఆమెలోనే. గర్భిణులకు హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు ఎలాగూ చేస్తారు. భర్త ఎక్కడా రక్తం ఇచ్చి ఉండడు. ఫలితం ఆమె చీటీ మీద ముందు కనిపించేసరికి ‘ఈ జబ్బు తెచ్చింది ఇదే’ అని అత్తవారింట్లో తీర్పు అయిపోతుంది. అందుకే పరీక్ష చీటీని ఇంటికి తీసుకువెళ్లవద్దని చాలామందికి చెప్పేదాన్ని. కావలసినప్పుడు ఆసుపత్రికి వస్తే మళ్లీ చూపిస్తారు. 2017 నాటి హెచ్ఐవీ చట్టం ఈ విషయంలో ఆడవాళ్ల వైపు నిలబడింది. ఆమె సమ్మతి లేకుండా పరీక్ష చేయకూడదు. భర్తకు చెబితే కొడతాడని, గెంటేస్తాడని సహేతుకమైన భయం ఉంటే వైద్య సిబ్బంది అతనికి చెప్పకూడదు. ఈ నియమం తెలియని సిబ్బంది కూడా ఉంటారు కాబట్టి మీ చెల్లెలు ఆ మాట తన నోటితో అడగాలి.

ఇప్పుడు చేయవలసినవి.

భద్రత. అతను ఎప్పుడైనా ఆమె గొంతు నులిమాడా అని ముందు అడగండి. నులిమి ఉంటే అది ప్రాణాపాయానికి సూచన. పైకి గాయం లేకపోయినా డాక్టరుకు చూపించాలి, ఆమెను అక్కడి నుంచి తీసుకురావడం గురించి ఇప్పుడే ఆలోచించాలి. లేకపోయినా ఒక ఏర్పాటు ఉండాలి. లంకలో ఉన్న మనిషికి ‘బయటికి వచ్చెయ్’ అని చెప్పడం తేలిక. అర్ధరాత్రి ఏరు దాటించే పంటు నడవదు, పడవ నడిపేవాడు నిద్రలో ఉంటాడు, రేవు దాకా చీకటి. కాబట్టి రేవు దాటే ఆలోచన పగటికి పెట్టుకుని, రాత్రికి లంకలోపలే తలుపు తీసే ఇల్లు ఒకటి చూసుకోవాలి. పెద్దవయసు దంపతులు ఉన్న ఇల్లయితే మంచిది, అక్కడికి వెళ్లి గొడవ చేయడానికి తాగినవాడు కూడా కొంత వెనకాడతాడు. అతను కేకలు మొదలుపెట్టగానే వంటింట్లో ఉండకూడదు. కత్తిపీట, కొబ్బరికాయలు వలిచే గునపం ఉన్న చోటు నుంచి బయటికి దారి ఉన్న వైపు జరగాలి. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల జనన ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకం నకళ్లు మీ దగ్గర ఉంచుకోండి. మీ ఇద్దరికీ మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. ‘అమ్మకు మాత్రలు అయిపోయాయా?’ అని ఫోను చేస్తే మీరు 112కు ఫోను చేయాలి, అలా. 181 మహిళల సహాయ నంబరు. ఊళ్లో సచివాలయం మహిళా పోలీసు నమ్మదగిన మనిషో కాదో మీ చెల్లెలికే తెలుస్తుంది, ఆ నిర్ణయం ఆమెకే వదలండి.

వైద్యం. పిల్లకు జ్వరమనో, నడుము నొప్పి అనో చెప్పి ప్రభుత్వ ఆసుపత్రికి రమ్మనండి, మీరు అక్కడ కలవండి. పెద్ద ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ ఉంటుంది, సుఖవ్యాధులకు పరీక్ష చేసి మందుల కిట్లు ఉచితంగా ఇస్తారు. హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు కూడా ఉచితమే. హెచ్ఐవీ పరీక్ష ఇప్పుడు ఒకసారి, మూడు నెలల తరువాత మళ్లీ చేయించుకోవాలి, కొత్తగా సోకింది వెంటనే బయటపడకపోవచ్చు. హెపటైటిస్ బి టీకా మూడు మోతాదులు వేయించండి, ఇది భర్తతో సంబంధం లేకుండా దొరికే రక్షణ. గర్భాశయ ముఖద్వారం పరీక్ష కూడా అడగండి. జ్వరంతో పాటు పొత్తికడుపు నొప్పి పెరిగితే ఆ రోజే వెళ్లాలి. నొప్పి వచ్చినప్పుడల్లా డెటాల్, ఉప్పునీళ్లు, సబ్బుతో లోపల కడుక్కునే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది. మాన్పించండి, ఇన్ఫెక్షన్ ఇంకా పెరుగుతుంది.

బలవంతం జరిగి, అతనికి హెచ్ఐవీ ఉందని తెలిసినా, ఉండవచ్చని గట్టి అనుమానం ఉన్నా 72 గంటల్లోపు ఆసుపత్రికి చేరితే నివారణ మందులు మొదలుపెట్టవచ్చు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 28 రోజులు వాడాలి. ఈ విషయం తెలియక ఎందరో మూడో రోజు దాటాక వచ్చేవారు. సమాచారం కోసం 1097 నంబరు ఉంది, ఉచితం. ఇది చదివే మిగతావారిలో ఆపరేషన్ కానివారు ఉంటే, అత్యవసర గర్భనిరోధక మాత్ర కూడా 72 గంటల్లోపే వేసుకోవాలి. మూడు నెలలకు ఒకసారి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేసే అంతర ఇంజెక్షన్ భర్తకు తెలియకుండా గర్భాన్ని ఆపుతుంది. జబ్బులను మాత్రం ఆపదు.

నిజం కూడా చెప్పాలి. భర్తకు తెలియకుండా అన్ని సుఖవ్యాధులనూ ఆపే సాధనం ఏదీ లేదు. అందుకే చాలాసార్లు తప్పు డాక్టరు మీద వేయమని చెప్పేదాన్ని. ‘గర్భసంచికి పుండు ఉంది, నెల రోజులు కలవకూడదు, కలిస్తే మగవాడికీ అంటుకుంటుంది, తప్పనిసరైతే తొడుగు వాడాలి’ అని డాక్టరు చేత ఓపీ చీటీ మీద రాయించుకుంటే, ఆ మాట భార్య నోటి నుంచి వచ్చినట్టు ఉండదు. రొయ్యల షెడ్డు ఆమెకు ఇది పనిచేసింది, ఎందుకంటే ఆమె భర్తకు తన ఒంటి మీద భయం ఉంది. జబ్బంటే లెక్కలేనివాడి దగ్గర పనిచేయదు, తిరగబడే ప్రమాదం కూడా ఉంది. మీ మరిది ఏ రకం మనిషో మీ చెల్లెలికి తెలుసు. ఆమె వద్దంటే వద్దు.

అతనితో మాట్లాడవలసి వస్తే ఆసుపత్రిలో డాక్టరో, మగ కౌన్సెలరో మాట్లాడాలి, అతను తాగి లేని ఉదయం పూట, ఇది చెరువుల మీద పనిచేసే అందరికీ చేసే పరీక్ష అన్నట్టు. మీరు మాట్లాడవద్దు. పెద్దల్లో పెట్టాలనే ఆలోచన ఉంటే కొట్టడం, డబ్బు గురించి మాత్రమే పెట్టండి. జబ్బు మాట పంచాయితీలో ఎత్తితే అది ఊరిదైపోతుంది, చివరికి మచ్చ ఆమెకే మిగులుతుంది.

మందు మాన్పించే పొడి అని, మాత్ర అని చెప్పి భర్తకు తెలియకుండా కూరలో కలపమని ఎవరైనా అంటే వినకండి. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండె దడ, వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం పోవడం కూడా జరుగుతుంది. అతనికి అనుమానం వస్తే మీ చెల్లెలి పరిస్థితి ఏమిటో ఆలోచించండి. రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, కాబట్టి అతను సిద్ధపడిన రోజు డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. వ్యసన విముక్తికి 14446 నంబరు ఉంది.

చట్టం గురించి మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. భార్య వయసు 18 దాటితే, కలిసి ఉంటున్న భర్త చేసే బలవంతాన్ని భారతీయ న్యాయ సంహిత అత్యాచారంగా గుర్తించదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. కానీ 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసను హింసగానే లెక్కించింది. దాని కింద అతను కొట్టకుండా రక్షణ ఉత్తర్వు, ఆమెను ఇంట్లోంచి గెంటకుండా నివాస ఉత్తర్వు, భరణం అడగవచ్చు. ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏ స్త్రీకైనా న్యాయ సేవా సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. కేసు పెడితేనే వైద్యం అని ఆసుపత్రిలో ఎవరైనా అంటే నమ్మకండి, వైద్యానికి కేసుతో పని లేదు.

ఇక మీరు ఫోనులో ఏమి మాట్లాడాలి? అతను చెరువు మీద ఉన్న రాత్రి చేయండి. ‘ఎందుకు ఊరుకుంటున్నావు’ అని అడగకండి. ‘నువ్వు ఇన్నాళ్లూ పిల్లలను ఎలా కాపాడుకున్నావో చెప్పు’ అని అడిగి వినండి. తాగిన రోజు ఆమె ఏమి చేస్తుందో, ఎప్పుడు పిల్లలను పక్కలో పడుకోబెట్టుకుంటుందో, ఏ మాటకు అతను చల్లబడతాడో అన్నీ ఆమె దగ్గర ఉంటాయి. వాటి మీదే పైన చెప్పిన ఏర్పాటు కట్టాలి. సందేశాలు రాయకండి, ఆమె ఫోను అతను చూస్తాడనే అనుకోండి.

పరీక్షలు అయ్యాక భర్త మందులు తీసుకోవడానికి ఒప్పుకోకపోతే ఆ సంగతి ఇక్కడ రాయండి, మందులు ఏ వరసలో వాడాలో డాక్టరును ఏమని అడగాలో చెబుతాను. అన్నట్టు, మీ ప్రశ్నలో ఊరి పేరు, అతను పనిచేసే చెరువు యజమాని పేరు రాశారు. అవి రెండూ ఇప్పుడే తీసేయండి.